బిట్లలో సైకాలజీ, బతుకులో సైకాలజీ

తెలుగులో మనస్తత్వశాస్త్రాన్ని ఎక్కువగా చదువుతున్నది ఎవరు? విశ్వవిద్యాలయాల్లో ఎమ్మే చేసేవాళ్లని చాలామంది అనుకుంటారు. నా అంచనాలో వాళ్లు కాదు, టెట్‌కూ డీఎస్సీకీ తయారయ్యేవాళ్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో డీఈడీ, బీఈడీ పూర్తిచేసిన యువతీ యువకులు పియాజె, కోల్‌బర్గ్, వైగాట్‌స్కీ, స్కిన్నర్ పేర్లను దగ్గరి చుట్టాల పేర్లంత సులువుగా పలుకుతారు. 2009 విద్యాహక్కు చట్టం తర్వాత ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) తప్పనిసరి అయింది. తెలంగాణ ఏర్పడ్డాక మొదటి టెట్ 2016లో జరిగింది. 150 మార్కుల పేపరులో 30 మార్కులు శిశు వికాసానికి, అధ్యాపన శాస్త్రానికి పోతాయి. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు మార్కు మార్కుకూ పోటీ నడిచింది. ఆ పోటీలో సైకాలజీ స్కోరింగ్ సబ్జెక్టు అనే మాట కోచింగుల్లో మామూలుగా వినిపిస్తుంది.

ఈ పిల్లల్లో చాలామందిని చదివించింది బీడీలు చుట్టే తల్లులు, సాంచాల (మరమగ్గాల) మీద రాత్రి పని చేసే తండ్రులు, గల్ఫ్‌కు పోయి డబ్బు పంపే అన్నలు. మనసు గురించి తెలుసుకోవలసిన అవసరం ఇంతగా ఉన్న ఇళ్లు తక్కువ. ఆ ఇళ్లలోకే ఈ పుస్తకాలు చేరాయి. ఇక తేల్చవలసిన ప్రశ్న ఒకటే: చదివిన మనిషి మారుతున్నాడా?

దీని మీద వచ్చిన పరిశోధనలనూ మన చుట్టూ జరిగిన కొన్ని సంగతులనూ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచింది ముందే చెబుతాను. సూత్రంగా ఉన్నంతకాలం మనస్తత్వశాస్త్రం మనిషిని తాకదు. ఒక మనిషి కథగా, అందులోనూ తన కథగా మారినప్పుడే పనిచేస్తుంది. అప్పుడు కూడా దాని శక్తికి హద్దు ఉంది. ఆ హద్దు సిరిసిల్లలో స్పష్టంగా కనిపిస్తుంది.

మొదట పాఠ్యపుస్తకం సంగతి. టెట్ పుస్తకాల్లో రక్షక తంత్రాల పాఠం ఒకటుంది. ఫ్రాయిడ్ మొదలుపెట్టిన ఆలోచనను ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో ఒక పుస్తకంగా కూర్చింది. మన రచయితలు దాన్ని సామెతలతో చెప్పి గొప్ప మేలు చేశారు. రాని ఉద్యోగాన్ని చులకన చేసి మాట్లాడడం ‘అందని ద్రాక్ష పుల్లన’, హేతుకీకరణం. పని ఇచ్చే సేఠ్ మీద చూపలేని కోపాన్ని ఇంట్లో పిల్లల మీద చూపడం ‘అత్త మీది కోపం దుత్త మీద’, విస్థాపనం. ఇంత తేటగా రాసిన పాఠం చదివితే ఎవరికైనా నిన్నటి తమ కోపం గుర్తుకు రావాలి. పరీక్ష మాత్రం ‘కింది వాటిలో విస్థాపనానికి ఉదాహరణ ఏది’ అని అడుగుతుంది. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తిస్తే మార్కు వస్తుంది. ఈ నెలలో నీ కోపం ఎవరి మీదికి మళ్లిందని ఏ బిట్టూ అడగదు.

ఆ శాస్త్రాన్ని కట్టినవాళ్లేమో తమనే ముందు పెట్టుకున్నారు. స్మృతి, విస్మృతి పాఠంలో వచ్చే ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, తానే మరిచిపోయి, ఎంత మరిచాడో తానే కొలుచుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నది ఆయన ఒక్కడే. ఎనిమిది దశల మనోసాంఘిక వికాసం చెప్పిన ఎరిక్ ఎరిక్సన్‌కు తన కన్నతండ్రి ఎవరో జీవితాంతం తెలియలేదు. పెంచిన తండ్రి పేరుతో పెరిగి, అమెరికా పౌరుడయ్యాక ఎరిక్సన్ అనే పేరు తానే పెట్టుకున్నాడు. కౌమారంలో ‘నేనెవరు’ అనే ప్రశ్న కీలకమని చెప్పినవాడు ఆ ప్రశ్నతోనే పెరిగాడు. ఈ సంగతి తెలిసిన విద్యార్థికి ఆ అయిదో దశ ఇక మరిచిపోయే బిట్టు కాదు.

చదివింది బతుకులోకి దానంతటదే రాదని కూడా మనస్తత్వశాస్త్రమే చెప్పింది. 1901లో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ చేసిన ప్రయోగాలు అభ్యసన బదలాయింపు పాఠంలో ఉన్నాయి. ఒక పనిలో నేర్చింది రెండో పనికి ఉపయోగపడాలంటే రెండింటిలో సమానమైన అంశాలు ఉండాలని వాళ్లు తేల్చారు. పరీక్ష హాలుకూ వంటింటి గొడవకూ సమానమైన అంశం ఏమీ లేదు. కాబట్టి హాలులో తెలిసినది వంటింట్లో గుర్తుకు రాకపోవడం వింత కాదు.

ఈ విషయంలో నేను బలమైన సాక్ష్యంగా భావించేది 1975లో రిచర్డ్ నిస్బెట్, యూజీన్ బోర్గిడా అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో చేసిన పరిశీలన. అంతకుముందు జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగం ఇందుకు ఆధారం. వేర్వేరు గదుల్లో కూర్చుని మైకులో మాట్లాడుకుంటున్నవాళ్లలో ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు, సాయం కోసం అరిచినట్టు వినిపిస్తుంది. విన్న 15 మందిలో వెంటనే లేచి వెళ్లినవాళ్లు నలుగురే. ఆరుగురు అసలు గది దాటలేదు. మిగతావాళ్లు అంతా అయిపోయాక కదిలారు. పక్కన ఇంకా మనుషులున్నారని తెలిస్తే మంచివాళ్లు కూడా ఆగిపోతారన్నది పాఠం. నిస్బెట్ బృందం ఈ ఫలితాన్ని కొందరు విద్యార్థులకు చెప్పింది, కొందరికి చెప్పలేదు. తర్వాత ఇద్దరు మామూలు మనుషుల వీడియోలు చూపి, ‘వీళ్లు ఆ ప్రయోగంలో ఉంటే సాయం చేసేవాళ్లా’ అని అడిగింది. ఫలితం తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఒకే జవాబు చెప్పారు: వీళ్లు మంచివాళ్లు, తప్పక వెళ్తారు. చదివిన అంకెలు వాళ్ల ఆలోచనను కదపలేదు.

మూడో గుంపుకు అంకెలేవీ చెప్పలేదు. అవే వీడియోలు చూపి, ఈ ఇద్దరూ సాయానికి వెళ్లలేదని మాత్రమే చెప్పి, మొత్తం 15 మందిలో ఎందరు వెళ్లి ఉంటారో ఊహించమన్నారు. వాళ్ల ఊహ అసలు ఫలితానికి చాలా దగ్గరగా వచ్చింది. అందరి గురించి చెప్పిన సత్యం నుంచి ఒక మనిషిని అర్థం చేసుకోవడానికి మనసు మొరాయించింది. ఒకరిద్దరి సంగతి చెబితే అందరి గురించిన సత్యాన్ని తేలిగ్గా అందుకుంది. మనస్తత్వశాస్త్రం బోధించే ప్రతి ఒక్కరూ బల్లమీద రాసి పెట్టుకోదగిన ఫలితం ఇది.

దీనికి ఎదురు నిలిచే సాక్ష్యమూ ఉంది. 1978లో ఆర్థర్ బీమన్, ఆయన సహచరులు ఇదే విషయం మీద కొందరు విద్యార్థులకు ఉపన్యాసం ఇప్పించి, రెండు వారాల తర్వాత, ప్రయోగమని తెలియనివ్వకుండా, దారిలో కుప్పకూలి ఉన్న మనిషి ఎదురయ్యేలా చేశారు. పాఠం వినని వాళ్లలో సుమారు 25 శాతం ఆగి పలకరించారు. విన్నవాళ్లలో సుమారు 43 శాతం. ఒక్క పాఠానికి అది తక్కువ ఫలితం కాదు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయని నేననుకోను. నిస్బెట్ అడిగింది పక్కవాడి మంచితనం గురించి. బీమన్ చూసింది, ‘ఇలాంటి చోట నువ్వు ఆగిపోయే ప్రమాదం ఉంది’ అని ముందే తెలిసిన మనిషి ఆ చోటికి వచ్చినప్పుడు ఏం చేస్తాడన్నది. నీ కాలు ఎక్కడ జారుతుందో చెప్పే పాఠం పనికొస్తుంది.

కోచింగ్ సెంటర్లు రాకముందు తెలుగువాళ్లకు ఈ పాఠం చెప్పింది నవల. 1940ల్లో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, తర్వాత రావిశాస్త్రి ‘అల్పజీవి’, 1969లో నవీన్ ‘అంపశయ్య’ వచ్చాయి. ఆత్మన్యూనత గురించి పది నిర్వచనాలు చదివినదానికంటే ‘అల్పజీవి’ సుబ్బయ్యను ఒకసారి కలిస్తే మనలోని పిరికితనం ఎక్కువగా తెలుస్తుంది. ‘అంపశయ్య’ ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక్కరోజు ఆలోచనలే. పోటీ పరీక్షల కోసం అద్దెగదుల్లో ఉండే పిల్లలకు ఈనాటికీ అది దగ్గరి పుస్తకం.

అదే పనిని మన కళ్ల ముందు ఒక సినిమా చేసింది. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి తీసిన ‘బలగం’ 2023 మార్చి 3న విడుదలైంది. ఆ ప్రాంతపు పల్లెల్లోనే చిత్రీకరణ జరిగింది. కథలో తాత చనిపోతాడు, పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. ఆరా తీస్తే ఏళ్ల కిందట విందులో నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన పంతం ఆడబిడ్డను పుట్టింటికి దూరం చేసిన సంగతి బయటపడుతుంది. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. చూసి ఏడ్చారు. విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయారని వార్తలు వచ్చాయి. అహం గురించి, కుటుంబ సంఘర్షణ గురించి ఉపన్యాసం పెడితే ఇంతమంది కూర్చునేవాళ్లు కాదు. ఒక ఇంటి కథను చూసి ప్రతి ఒక్కరూ తమ ఇంటి నల్లిబొక్కను తలుచుకున్నారు. నిస్బెట్ ఫలితానికి మన దగ్గర ఇంతకంటే మంచి రుజువు నాకు కనిపించలేదు.

ఇక కోరుట్ల, జగిత్యాల వైపు మెట్‌పల్లి, రాయికల్ దాకా ఊళ్లలో ఇంటింటా ఉన్న గల్ఫ్ ఎడబాటు. భర్త దుబాయిలోనో సౌదీలోనో ఉంటాడు. రోజూ ఫోను మోగుతుంది, రెండేళ్లకో మూడేళ్లకో మనిషి వస్తాడు, మళ్లీ పోతాడు. ఆమె బీడీలు చుడుతూ, పిల్లల ఫీజులు కడుతూ, అత్తమామలను చూసుకుంటూ, అప్పులవాళ్లకు జవాబు చెబుతుంది. ‘అందరు ఓర్సుకుంటున్రు, నాకే ఎందుకు మనసు నిలుస్తలేదు’ అనే ప్రశ్న ఆమెను లోపల తినేస్తుంది. ఈ బాధ మీద జీవితమంతా పనిచేసిన మనిషి అమెరికాకు చెందిన పాలిన్ బాస్. 1970ల్లో వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో మాట్లాడుతూ ఆమె ఒక సంగతి గమనించింది. మనిషి చనిపోతే ఏడుపుకు ఒక తీరు ఉంది, దినాలున్నాయి, చుట్టాలు వస్తారు. మనిషి ఉండీ లేకపోతే ఏ ఆచారమూ ఆదుకోదు. ఆ తేలని ఎడబాటు మనసును ముందుకూ పోనివ్వదు, వెనక్కీ రానివ్వదు. 1999లో ఆమె దీని మీద రాసిన పుస్తకం వలస కుటుంబాలనూ లెక్కలోకి తీసుకుంది.

బాస్ చెప్పినదాంట్లో ముఖ్యమైనది ఇది: లోపం ఆ ఇల్లాలిలో లేదు, ఆమె ఉన్న పరిస్థితిలో ఉంది. ఈ ఒక్క సంగతి తెలిసిన స్త్రీ తనను తాను నిందించుకోవడం తగ్గిస్తుంది. ఇంట్లో ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలో తేల్చుకుంటుంది. అతను సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరి మధ్య పుట్టే చికాకు ప్రేమ తగ్గినందుకు కాదని, ఇంటి బాధ్యతలు చేతులు మారుతున్నందుకని గుర్తిస్తుంది. దుబాయి జైలులో 18 ఏళ్లు గడిపి 2024 ఫిబ్రవరిలో విడుదలైన అయిదుగురు సిరిసిల్ల జిల్లా వాళ్లే. ఆ 18 ఏళ్లు వాళ్ల భార్యలూ పిల్లలూ గడిపిన బతుకును పాత దుఃఖశాస్త్రం ఏదీ పట్టుకోలేదు. మనస్తత్వశాస్త్రం చదవడం మనిషికి చేసే మేలు ఏమిటని ఎవరైనా అడిగితే నేను మొదట ఈ పాలిన్ బాస్ ఉదాహరణే చూపిస్తాను.

తన లోపలికి తాను చూసుకోవడంలో ప్రమాదం కూడా ఉంది. సుసాన్ నోలెన్-హోక్సెమా 1989 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపానికి రెండు వారాల ముందు స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల స్వభావాలను ప్రశ్నావళితో నమోదు చేసి ఉంది. భూకంపం తర్వాత వాళ్లనే మళ్లీ చూసింది. తమ బాధను పదే పదే నెమరేసుకునే అలవాటున్నవాళ్లలో కుంగుబాటు ఎక్కువగా, ఎక్కువ కాలం కనిపించింది. అంటే ‘ఆలోచించుకో’ అనే సలహా అందరికీ మందు కాదు. ఎలా ఆలోచించాలన్నది ముఖ్యం. ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ 2005 నుంచి చేసిన పరిశోధనల్లో, జరిగినదాన్ని మళ్లీ లోపల నుంచి అనుభవించకుండా, పక్కన నిలబడి చూస్తున్నట్టు తలుచుకుని ‘ఇలా ఎందుకు అనిపించింది’ అని ప్రశ్నించుకున్నవాళ్లకు మంట తగ్గింది. జేమ్స్ పెన్నిబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలోని పని ఇంకా సులువు. విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, మనసును కలచిన సంగతి గురించి ఎవరికీ చూపనవసరం లేకుండా రాయమన్నాడు. తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అనంతరం వందకు పైగా అధ్యయనాలను కలిపి చూస్తే ఈ మేలు చిన్నదేనని తేలింది. చిన్నదైనా ఖర్చు ఒక నోటుపుస్తకం, ఒక కలం.

వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు, సభల గురించి ఎక్కువ చెప్పను. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’, 2025లో మరణించిన బి.వి. పట్టాభిరామ్ ప్రసంగాలు తెలుగు యువతకు మనసు గురించి మాట్లాడుకునే అలవాటు చేశాయి, ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ ‘నీ వ్యక్తిత్వం ఏ రకం’ అని తేల్చే పరీక్షల విషయంలో బెర్‌ట్రమ్ ఫోరర్ ప్రయోగం గుర్తుంచుకోవాలి. 1948లో ఆయన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, జాతకాల పుస్తకంలోంచి తీసిన ఒకే పేరాను అందరికీ ‘నీ ఫలితం’ అని ఇచ్చాడు. అది తమకు ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. మనకు సరిపోయిందని అనిపించడం నిజమని చెప్పే రుజువు కాదు. మామూలు దిగులుకు, పరీక్ష భయానికి జబ్బుల పేర్లు తగిలించుకోవడం కూడా ఇలాంటిదే. నిక్ హాస్లమ్ 2016 నుంచి దీని గురించే హెచ్చరిస్తున్నాడు.

ఇప్పుడు సిరిసిల్ల. 1990ల చివరి నుంచి నేత కార్మికుల ఆత్మహత్యలతో ఆ ఊరి పేరు వార్తల్లోకి ఎక్కింది. అప్పు, నూలు ధర, కరెంటు బిల్లు, ఆర్డర్లు లేక సాంచాలు ఆగిపోవడం. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు కొన్నేళ్లు పని ఇచ్చింది, అది ఆగినప్పుడు మళ్లీ కష్టం వచ్చింది. ఇలాంటి చోట ‘మనసు గట్టి చేసుకో, నీలోకి నువ్వు చూసుకో’ అని మాత్రమే చెప్పడం అన్యాయం. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, ఆనంది మణి, జియాయింగ్ ఝావో తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందూ తర్వాతా పరీక్షించారు. అదే రైతు చేతిలో డబ్బు లేనప్పుడు తార్కిక పరీక్షల్లో వెనకబడ్డాడు, డబ్బు వచ్చాక మెరుగయ్యాడు. తెలివి మారలేదు, బుర్రలో చోటును అప్పు తినేసింది. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు ప్రభుత్వం నగదు ఇచ్చిన పథకం ఆత్మహత్యలను 18 శాతం తగ్గించిందని 2019లో ఒక అధ్యయనం చూపింది. నేత కార్మికుడికి పని, కూలి, అప్పు ఊరట ముందు కావాలి. అవి మానసిక ఆరోగ్య చర్యలే. మనస్తత్వశాస్త్రం నిజంగా చదివినవాడు ఈ మాట గట్టిగా చెప్పాలి.

అంటే కౌన్సెలింగ్ వృథా అని కాదు. గోవాలో ప్రత్యేక వైద్య డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటు ఉన్నవాళ్లతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించిన కార్యక్రమం మంచి ఫలితమిచ్చిందని 2017లో విక్రం పటేల్ బృందం ప్రచురించింది. వాళ్లు చేయించింది గంభీరమైన ఆత్మశోధన కాదు. రోజులో ఒక మంచి పని, ఒక మనిషితో మాట, వాయిదా వేసిన ఒక సమస్య మీద చిన్న అడుగు. బీహారులోని నలందా జిల్లా బడుల్లో ఇలాంటి ప్రయత్నమే జరిగింది. శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్ నడిపిన బడుల్లో వాతావరణం బాగుపడింది. అదే కార్యక్రమాన్ని ఉన్న ఉపాధ్యాయులకు అప్పగించిన బడుల్లో ఫలితం కనిపించలేదు. 2018లో వచ్చిన ఈ సంగతిని మన విద్యాశాఖ జాగ్రత్తగా చదవాలి. ఉపాధ్యాయుడి నెత్తిన మరో పని పెట్టడం పరిష్కారం కాదు. బ్రిటన్‌లో 85 బడుల్లో ధ్యాన పాఠాలు పెట్టి చూసిన పెద్ద ప్రయోగం కూడా, అందరికీ ఒకే పాఠం చెప్పడం వల్ల ప్రత్యేక మేలు లేదని 2022లో తేల్చింది.

కొండగట్టు ఆంజనేయస్వామి గుడి గురించి కూడా చెప్పాలి. మనసు చెదిరినవాళ్లను అంజన్న సన్నిధికి తీసుకొచ్చి 40 రోజులు ఉంచే ఆచారం జగిత్యాల ప్రాంతంలో తరాలుగా ఉంది. ఆ నమ్మకాన్ని వెక్కిరించేవాళ్లతో నేను ఏకీభవించను. అక్కడ రోగి ఒంటరి కాదు, ఇంటివాళ్లు పక్కన ఉంటారు. గుజరాత్‌లోని ఉనావా దర్గాలో దువా (ప్రార్థన)తో పాటు దవా (మందు) కూడా ఇచ్చే ఏర్పాటు 2008లో మొదలైంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి మానసిక వైద్యులు వారానికి ఒక రోజు కొండ మీద కూర్చుంటే దేవుడికీ వైద్యానికీ పేచీ ఉండదు.

ఇంత మాట్లాడుకున్నా మన ప్రాంతం గురించి గట్టి లెక్కలు లేవు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో, 100 మంది, ఆ పైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో, కోచింగ్ సెంటర్లలో కూడా, అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. మన మూడు పట్టణాల్లో సైకాలజీ చెప్పే కోచింగుల్లో అంతమంది విద్యార్థులున్నవాటికి కూడా ఆ ఆదేశం వర్తిస్తుంది.

టెట్ సైకాలజీ బోధించే మాస్టర్లకు, టీచరమ్మలకు నా విన్నపం. ప్రతి పాఠం చివర, బిట్ల తర్వాత, విద్యార్థి తన నోటుపుస్తకంలో మాత్రమే జవాబు రాసుకునే ఒక ప్రశ్న ఇవ్వండి. ఈ వారం నా కోపం ఎవరి మీదికి మళ్లింది, నేను ఎక్కడ సాకు చెప్పాను, ఎవరికి సాయం చేయకుండా ఆగిపోయాను. పాఠానికి అయిదు నిమిషాలు చాలు. రాస్తున్నప్పుడు ఎవరికైనా మనసు తట్టుకోలేనంత బరువుగా అనిపిస్తే, చనిపోవాలనే ఆలోచన వస్తే, 14416 నంబరుకు ఫోన్ చేయమని చెప్పండి. టెలీ మానస్ పేరుతో 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఆ ప్రభుత్వ సేవలో తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు.